వాడ మాట – 31: తొందరగా దిగిపోయేది ఎవరు?



ఈ మధ్య బెజవాడలో ఏ ఇద్దరు ఉద్యోగులు టీ కొట్టు దగ్గర కలిసినా ఒకటే మాట. 45 ఏళ్లకల్లా దిగిపోవాలి, ఆ తర్వాత సగం పని చేసుకుంటూ హాయిగా బతకాలి. యూట్యూబ్ నిండా ఇదే బోధ. దీనికి 'ఫైర్' అని పేరు కూడా పెట్టారు. ఏడాది ఖర్చుకు 25 రెట్లు కూడబెట్టు, అందులోంచి మొదటి ఏడాది 4 శాతం తీసుకో, తర్వాత ధరలు పెరిగిన మేరకు పెంచుకుంటూ తిను. నెలకు 50 వేలు ఖర్చయ్యే ఇంటికి ఏడాదికి 6 లక్షలు, 25 రెట్లంటే కోటిన్నర.

ఈ 4 శాతం లెక్క 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా సలహాదారు కట్టింది. అక్కడి షేర్లు, బాండ్ల చరిత్ర చూసి, డబ్బు 30 ఏళ్లు సరిపోవాలంటే ఎంత తీయొచ్చో చెప్పాడాయన. 45కి దిగి 85 దాకా బతికేవాడికి 40 ఏళ్లకు కావాలి కదా! సరే, అది లెక్కల గొడవ. నా గొడవ వేరు. ఆ లెక్కలో 'ఖర్చు' అని ఒక గడి ఉంటుంది. అందులో వాళ్లు ఒక్క ఇంటి ఖర్చు రాస్తారు. వాడలో మొదటి జీతం తెచ్చినవాడు ఎన్ని ఇళ్లది రాయాలి? అమ్మ మందులు, తమ్ముడి కూతురి ఫీజు, పెదనాన్న ఇంటి స్లాబు, బావ తీసుకున్న అప్పుకు పెట్టిన జామీను సంతకం. ఇవి రాయడం మొదలుపెడితే 25 రెట్లు కాదు, రెండు రెట్లు కూడబెట్టడమే గగనం.

అసలు కృష్ణా డెల్టాకు ముందస్తు రిటైర్మెంట్ యూట్యూబ్ నేర్పాల్సిన విద్యా? 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. కాలువల్లో నీళ్లు పారాయి, భూమి బంగారమైంది. ఆ భూమి ఉన్న కుటుంబాలు చదువుకున్నాయి, బెజవాడ చేరాయి, హైదరాబాద్ చేరాయి, డాలస్ చేరాయి. పొలం కౌలుకిచ్చి, చేలో కాలు పెట్టకుండా ఎకరాకు ఇన్ని బస్తాలని తీసుకుంటున్నాయి. కౌలు రైతు గుర్తింపు కార్డు కోసం సంతకం అడిగితే మాత్రం ముఖం చాటేస్తారు. ఇది ఫైర్ కాకపోతే ఇంకేమిటి? వందేళ్ల కిందటే కొందరు రిటైరయ్యారు. వాళ్ల బదులు దమ్ములో దిగింది, ఊడ్చింది, కోసింది, మోసింది మనవాళ్లు. వాళ్లు కూడబెట్టిన 25 రెట్లలో మన తాతల చెమట ఎన్ని రెట్లో ఏ యాప్ లెక్కకట్టదు.

ఇక 'పార్ట్‌టైమ్'. బెంజ్ సర్కిల్ అపార్ట్‌మెంటులో ఆ మాటకు అర్థం సగం పని, నిండు ప్రశాంతత. మన పేటల్లో అర్థం వేరు. సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండే అమ్మ పొద్దున్నే కూరలు తరుగుతుంది, వండుతుంది, వడ్డిస్తుంది, గిన్నెలు తోముతుంది. నెలకు 3,000 రూపాయలు. మరుగుదొడ్లు కడిగే ఆయాకు 6,000. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. గౌరవం దేనికో, వేతనం ఎక్కడో! రోజంతా చేయించుకుని సగం పని అని రాసుకుంటే కనీస వేతనం చట్టం అడ్డం రాదు. ఆ ఆయాలు ఏ వాడ నుంచి వస్తారో మీ ఊరి బడికి వెళ్లి చూడండి. చెప్పాల్సిన పని లేదు.

పొలంలోనూ అంతే. వెదజల్లే సాగు ఊడ్పులు తినేసింది, కోత మిషన్ కోతలు తినేసింది. కూలి తల్లులు అడగకుండానే పార్ట్‌టైమ్ అయ్యారు. మిగతా రోజులు మిరపకాయ కోతలకు మూటాముల్లె కట్టుకుని గుంటూరు వైపు పోతారు.

మరి నువ్వేం చేస్తావు అంటారా? నాకు 51. జిల్లా పరిషత్ హైస్కూల్లో పాఠాలు చెబుతాను. 20 ఏళ్ల సర్వీసు నిండింది, స్వచ్ఛంద విరమణకు కాగితం పెట్టొచ్చు. సగం పోస్టు అడుగుదామంటే ప్రభుత్వంలో ఆ ఏర్పాటే లేదు. ఉంటే నిండా ఉండాలి, లేదా పోవాలి. పోవాలని నాకూ ఉంది. రాయాల్సినవి ఉన్నాయి, తిరగాల్సిన పల్లెలు ఉన్నాయి. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు. 'రిజర్వేషన్ ఉద్యోగం, పని దొంగ' అంటారని భయపడి సెలవు కూడా పెట్టని మనవాళ్లను చూశాను. విశ్రాంతి కోరుకోవడం దొంగతనం కాదు.

అయినా నేను దిగను. మూడు కారణాలు.

ఒకటి, 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్లం సీపీఎస్‌లో ఉన్నాం. అదే స్టాఫ్ రూములో అంతకు ముందు చేరిన మాస్టారికి పాత పెన్షన్. నేను నిండా సర్వీసు చేస్తే కూడిన డబ్బులో 60 శాతం చేతికొస్తుంది, 40 శాతం యాన్యుటీకి పోతుంది. ముందే దిగితే చేతికి 20 శాతమే, 80 శాతం యాన్యుటీకి. మన ఇళ్లలో చాలామందికి ఉద్యోగం ఆలస్యంగా వచ్చింది. అది వచ్చేసరికి పెన్షన్ పోయింది.

రెండు, నా సీటు మన పిల్లవాడికి వస్తుందన్న నమ్మకం లేదు. 2014లో రిటైర్మెంట్ వయసు 58 నుంచి 60 చేశారు, 2022లో 62 చేశారు. కుర్చీలో ఉన్నవాడికి సంబరం. ప్రభుత్వానికి రిటైర్మెంట్ డబ్బులు కట్టే పని రెండేళ్లు వెనక్కి పోయింది. గది అద్దెకు తీసుకుని పరీక్షలకు చదివే పిల్లవాడికి మాత్రం వయసు అయిపోయింది. పోనీ నేను దిగి ఖాళీ చేస్తే నింపుతారా? ఖాళీని ఖాళీగానే ఉంచితే రోస్టర్ పాయింట్ కాగితం మీదే ఎండిపోతుంది.

మూడోది మా అమ్మ. పదకొండేళ్లకు ఊడ్పుల్లో దిగింది. 52కి మోకాళ్లు లేవనన్నాయి. అప్పట్లో వృద్ధాప్య పెన్షన్ వయసు 65. ఒళ్లు ఆగిపోయిన వయసుకీ సర్కారు గుర్తించే వయసుకీ మధ్య 13 ఏళ్లు. ఆ 13 ఏళ్లు ఆమె పెన్షన్ నేనే. ఇప్పుడు అక్క వంతు వచ్చింది. ఆమెకు 55, ఆమె మోకాళ్లూ అవే బురదలో దిగినవి. నేను ముందే దిగాలంటే వీళ్లు ముందే దిగగలగాలి. అసలు ముడి ఇక్కడుంది.

కాన్షీరాం పుణెలో ప్రభుత్వ ప్రయోగశాల ఉద్యోగం వదిలేశాడు కదన్నా అని తమ్ముళ్లు అడుగుతారు. అవును. పెళ్లి వద్దు, ఇల్లు వద్దు అని తేల్చుకుని వదిలాడు. ఆ ధర అందరి చేతా కట్టించలేం. 1978లో బామ్‌సెఫ్ పెట్టినప్పుడు ఆయన ఉద్యోగులను రాజీనామా చేయమనలేదు. ఉద్యోగంలో ఉండే సమయం, తెలివి, డబ్బు సమాజానికి తిరిగివ్వమన్నాడు.

ఇప్పుడు అసలు మాట. ఈ రాష్ట్రంలో పనిని బట్టి ముందే పెన్షన్ ఇచ్చే పద్ధతి ఇప్పటికే ఉంది. సంప్రదాయ చర్మకారులకు 40 ఏళ్లకు, డప్పు కళాకారులకు, చేనేత, గీత, మత్స్యకారులకు 50 ఏళ్లకు. కొన్ని పనులు ఒంటిని ముందే అరగదీస్తాయని ప్రభుత్వం తన జీవోల్లోనే ఒప్పుకుంది. మరి 40 ఏళ్లు నడుం వంచి నాటిన కూలి ఒళ్లు ఇనుమా? బెజవాడ కాలువల్లో, మురుగులో, చెత్త బండి మీద బతుకు గడిపిన పారిశుధ్య కార్మికుడి ఊపిరితిత్తులు రబ్బరా? వాళ్లను ఆ జాబితాలో ఎందుకు చేర్చలేదు? అవుట్‌సోర్సింగ్ కార్మికుడికి పీఎఫ్ ఉందిగా అంటారు. ఆ పెన్షన్ కనీసం 2014 నుంచి నెలకు 1,000 రూపాయల దగ్గరే ఉంది.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ సభ్యుడు. 1946లో ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పని 48కి దిగింది. 2024 జనవరిలో స్వరాజ్ మైదానంలో ఆయన విగ్రహం లేచింది, 125 అడుగులు. 2025లో ఇదే రాష్ట్ర కేబినెట్ ఫ్యాక్టరీల్లో రోజు పని 9 గంటల నుంచి 10కి పెంచడానికి ఒప్పుకుంది. ఒక ప్రభుత్వం విగ్రహం ఎత్తు పెంచింది, ఇంకో ప్రభుత్వం పని గంటలు పెంచింది. ఆయన తగ్గించిన దాన్ని కాపాడింది ఎవరు?

కాబట్టి అడగాల్సినవి ఇవి. వ్యవసాయ కూలీలకు, పారిశుధ్య కార్మికులకు 50కే పెన్షన్. వంటమ్మకు, ఆయాకు చేసిన గంటలకు కనీస వేతనం. ఖాళీ అయిన ప్రతి పోస్టుకు రోస్టర్ ప్రకారం భర్తీ. సీపీఎస్ రద్దు. డబ్బెక్కడిది అంటే, అమ్మల మోకాళ్లను ఉచితంగా వాడుకున్నప్పుడు ఎవరూ ఆ ప్రశ్న వేయలేదని చెప్పండి.

కోటిన్నర ఉన్నవాళ్లు దిగిపోండి, అభ్యంతరం లేదు. అది మీ క్రమశిక్షణ ఒక్కటే అని మాత్రం మా పిల్లలకు పాఠం చెప్పొద్దు. 52కి మోకాళ్లు పోయిన మనిషి క్రమశిక్షణ ముందు మీ ఎస్‌ఐపీ ఏపాటిది?

వచ్చే భాగంలో కౌలు కార్డుల గురించి.

జై భీమ్.