రిపోర్టు నార్మలే!

"ఆడపిల్లలకి మామూలేలే అమ్మా." ఈ మాట వింటే ఒళ్లు మండిపోతుంది. పదేసి రోజులు నెత్తురు పోతూ, బడి మానేసి, గోడ పట్టుకుని నడిచే పిల్లకి ఏది మామూలు? ఇంట్లోనూ అదే పాట. వాళ్లమ్మకీ అంతే, అమ్మమ్మకీ అంతేనట. అందుకే కదా అనుమానపడాల్సింది! వంశంలో దిగే జబ్బు ఇంతకన్నా గట్టిగా ఎలా చెప్పుకుంటుంది?

కాకుమాను ఊళ్లో కడుపునొప్పంటే ముందు ఆర్‌ఎంపీ. డైక్లోఫెనాక్ సూదో, బ్రూఫెన్ బిళ్లో పడుతుంది. ప్లేట్‌లెట్ల పని మందగించి నెత్తురు ఇంకా పోతుంది. తర్వాత బాపట్లో, గుంటూరో. ప్లేట్‌లెట్లు, నెత్తురు గడ్డకట్టే పరీక్షలు పీటీ, ఏపీటీటీ, అన్నీ నార్మల్! ఐరన్ మాత్రలు రాసి పంపేస్తారు. బళ్లోనూ వారం వారం ఐరన్ మాత్ర మింగిస్తాం. ఆ ఇనుమంతా ఎటు కారిపోతోందో అడిగే నాథుడు లేడు.

నెత్తురులో వాన్ విలెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ ఉంటుంది. పొడుగాటి గొలుసు. నాళం చిట్లిన చోట అతుక్కుని, కొట్టుకుపోయే ప్లేట్‌లెట్లని పట్టి ఆపుతుంది. అనవసరంగా గడ్డలు కట్టకుండా ఆడమ్‌ట్స్-13 అనే ఎంజైము దాన్ని అవసరం మేరకు కోస్తుంటుంది. కోత పడాల్సిన చోటు మడతల్లో దాగి ఉంటుంది కాబట్టి సరిపోతోంది. ఈ ప్రొటీన్ లోపంతో వచ్చేదే విలెబ్రాండ్ జబ్బు. అందులో 2ఏ రకం ఉన్న చాలామందిలో జన్యులోపం వల్ల ఆ మడత ఇట్టే విడిపోతుంది. గొలుసు తునాతునకలు. చేదతాడుని జానెడు ముక్కలు చేస్తే తూకం తగ్గదు, నీళ్లే అందవు. అందుకే ప్రొటీన్ ఎంతుందో కొలిస్తే చాలదు, పనిచేస్తోందో లేదో చూడాలి. మామూలు పరీక్షలకి ఇది చిక్కకపోవచ్చు.

ఆ పరీక్ష దగ్గర్లో లేదంటారా, సరే. పన్ను పీకితే ఎంతసేపు కారింది, రాత్రిళ్లు పక్కబట్టలు తడుస్తున్నాయా, మీ అమ్మకి కాన్పులో నెత్తురెక్కించారా? ఇవి అడగడానికి ఏ మెషీన్ కావాలి? ఈ ప్రొటీన్ దాదాపు లేకుండానే పుట్టే 3వ రకం మేనరికాల ఇళ్లలో ఎక్కువ. మేనరికాలకి మనకి కరువా?

1926లో ఫిన్లాండ్ వైద్యుడు ఎరిక్ వాన్ విలెబ్రాండ్ ఓలాండ్ దీవుల్లో ఈ జబ్బున్న ఒక కుటుంబం గురించి రాశాడు. ఆయన చూసినప్పుడు ఆ ఇంట్లోని ఒక పాపకి అయిదేళ్లు. 13 ఏళ్లకి, నాలుగో నెలసరిలో, నెత్తురాగక చచ్చిపోయింది. అప్పటి ఫిన్లాండ్‌కి మందు లేదు. మన మందుల షాపులో ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్ర ఉంది, రాసే చెయ్యే లేదు.

ఇక చట్టం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో హీమోఫీలియాని చేర్చారు, సంతోషం. ఆ జబ్బు సాధారణంగా మగవాళ్లకే వస్తుందనీ, ఆడవాళ్ల ద్వారా మగపిల్లలకి అందుతుందనీ అందులోనే రాసుకున్నారు. పుట్టుకతో వచ్చే రక్తస్రావ జబ్బుల్లో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉండేదీ, ఆడామగా చూడకుండా వచ్చేదీ విలెబ్రాండ్ జబ్బు. దాని పేరే లేదు. సర్టిఫికెట్ కోసం కాకుమాను పిల్ల ఏ గడిలో టిక్కు పెట్టాలి? హీమోఫీలియా గడిలో పెట్టమనండి చూద్దాం. "నువ్వు ఆడపిల్లవి కదమ్మా" అంటారు.