కేకు మీది మైనం ఎక్కడికి పోతోంది?

ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు కోతలు గంటల లెక్కన నడిచిన 2012–13లో హైదరాబాద్ కృష్ణానగర్ అద్దె గదుల్లో కొవ్వొత్తి ఉప్పూ పప్పులాంటి సరుకు. ఇన్వర్టర్లు, ఫోన్ లైట్లు వచ్చాక అది పుట్టినరోజు కేకు మీదికీ, ప్రార్థన దగ్గరికీ, సువాసనల గాజు గ్లాసుల్లోకీ చేరింది. సినిమా వేషాల కోసం వచ్చినవాళ్లు నలుగురైదుగురు కలిసి ఉండే గదుల్లో ఎవరిదో ఒకరి పుట్టినరోజు వస్తూనే ఉంటుంది. కేకు అయిపోతుంది, మైనం ముక్కలు చెత్తబుట్టలో పడతాయి.

పడనక్కర్లేదు. బజారులో దొరికే కొవ్వొత్తుల్లో ఎక్కువ భాగం పెట్రోలియం నుంచి తీసే పారాఫిన్. మండిపోయింది పోగా మిగిలింది పాడవదు. 50–65 డిగ్రీల దగ్గర మళ్లీ కరుగుతుంది. పాత టీ వడకట్టుతో మసీ, కాలిన వత్తి ముక్కలూ తీసేస్తే చాలు. రంగులన్నీ కలిపితే మాత్రం బురద రంగే వస్తుంది.

చిక్కంతా వత్తితోనే. మెత్తటి దీపం వత్తి నిలబడదు. పాలిస్టర్ దారం మండకుండా కరిగి ముద్దవుతుంది. గట్టిగా పేనిన నూలు దారాన్ని ముందుగా కరిగిన మైనంలో ముంచి, సాగదీసి ఆరబెట్టాలి. సన్నదైతే మైనంలో మునిగి ఆరిపోతుంది, లావైతే పొగ చిమ్ముతుంది. పోసిన మైనం చల్లారుతూ కుంచించుకుపోయి వత్తి చుట్టూ గుంట పడుతుంది కాబట్టి రెండోసారి పోయడానికి కొంచెం దాచుకోవాలి.

మైనం గిన్నెను నేరుగా మంట మీద పెట్టడం మాత్రం ప్రమాదం. మరిగే నీళ్ల గిన్నెలో మరో డబ్బా ఉంచి కరిగించాలి. పొరపాటున అంటుకుంటే గ్యాస్ కట్టేసి మూత పెట్టాలి. నీళ్లు పోస్తే మంట ఎగసిపడుతుంది. మిగిలింది సింకులో పోస్తే పైపులో గడ్డకడుతుంది. అసలే వానొస్తే మునిగే కృష్ణానగర్‌కు ఆ సాయం అక్కర్లేదు!

అయితే నాలుగు కేకు కొవ్వొత్తుల కోసం స్టవ్ వెలిగిస్తే గ్యాస్ ఖర్చే ఎక్కువ. మైనం నిజంగా కుప్పపడేది ప్రార్థనాస్థలాల్లో. విజయవాడ గుణదల కొండ మీద ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత ఉత్సవాలకు వచ్చే భక్తులు వెలిగించే కొవ్వొత్తులకు లెక్కుండదు. హైదరాబాద్‌లోని చర్చిల దగ్గరా, అమీర్‌పేట హాస్టళ్లలోనూ ఒక్కో డబ్బా పెట్టి ముక్కలు పోగుచేస్తే, ఒకేసారి కరిగించేంత సరుకు చేతికొస్తుంది. ఆ పని ఏ మహిళా సంఘానికి అప్పగించినా నూలు, గ్యాస్ ఖర్చులు పోను కాస్త మిగులుతుంది.