జరిమానా కాదు, ముందు జాగా

హైదరాబాద్, విశాఖపట్నాల నుంచి ఆస్ట్రేలియా వైపు వెళ్ళే తెలుగువారిలో చాలామంది సింగపూర్‌లో విమానం మారతారు. కూతురి పురిటికో, మనవల్ని చూసుకోవడానికో బయలుదేరే పల్లెటూరి తల్లిదండ్రులు కూడా ఇప్పుడు వారిలో వుంటున్నారు. రెండో విమానానికి కనీసం ఐదున్నర గంటలు, 24 గంటలకు మించకుండా వ్యవధి వుంటే అక్కడి చాంగీ విమానాశ్రయం వారే ఉచితంగా ఊరు చూపించి తీసుకువస్తారు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. ఆ దేశంలో అడుగుపెట్టే అనుమతి వుండాలి. అమెరికా, ఆస్ట్రేలియా వంటి కొన్ని దేశాల వీసా చేతిలో వున్న భారతీయులను, నిబంధనలకు లోబడి, 96 గంటల వరకు వీసా లేకుండా రానిచ్చే పద్ధతి కూడా వుంది. బయలుదేరే ముందే విమాన సంస్థను అడిగి తెలుసుకోవడం మంచిది.

ఈ దర్శనం రెండున్నర గంటల్లో ముగుస్తుంది. సింహం తల, చేప తోకతో 1972లో నిలబెట్టిన బొమ్మ నోట్లోంచి నీళ్ళు చిమ్ముతుంటే ఫోటో తీయించుకుంటారు. మూడు మేడల నెత్తిన ఓడ పెట్టినట్లుండే హోటలును తలెత్తి చూస్తారు. అద్దంలాంటి రోడ్లు చూసి ముక్కున వేలేసుకుంటారు. తిరిగొచ్చాక రచ్చబండ దగ్గర చెప్పే మాట మాత్రం ఒక్కటే. "రోడ్డు మీద కాగితం ముక్క కనపడదు. వేస్తే జరిమానా! మనవాళ్ళకూ అలా వాత పెడితేగాని దారికి రారు."

ఈ మాట వినడానికి బాగానే వుంటుంది. కాని ఇది సగం నిజం. ఆ సగం నిజం వల్ల నష్టపోయేది మాత్రం పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని పట్నానికి కూరగాయలు మోసుకుపోయే మన పల్లె ఆడవాళ్ళే.

కంపు కొట్టిన నది

సింహం బొమ్మకు ఎదురుగా వున్న ఆ నీళ్ళు సింగపూర్ నదివి. ఇప్పుడు ఆ ఒడ్డున జనం షికారు చేస్తున్నారు. 1970ల్లో ఆ నది దగ్గర ముక్కు మూసుకోవలసి వచ్చేది. పరివాహక ప్రాంతంలోని పందుల దొడ్ల మురుగు, బాతుల పెంపకం మురికి, మరుగుదొడ్లు లేని వాడల నీళ్ళు, రోడ్డు పక్క తిండి అమ్మేవాళ్ళు పారబోసే ఎంగిలి, సరుకు పడవల చమురు అన్నీ చివరకు నీళ్ళలోనే కలిసేవి.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. చెత్త వేస్తే జరిమానా అనే ప్రచారం సింగపూర్‌లో 1968లోనే మొదలైంది. అయినా తొమ్మిదేళ్ళ తరువాత, 1977లో కూడా ఆ నది కంపు కొడుతూనే వుంది. జరిమానాతోనే ఊరు బాగుపడేదైతే నది అప్పటికే బాగుపడి వుండాలి కదా?

1977లో అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ పదేళ్ళ గడువు పెట్టారు. పదేళ్ళలో నదిలో చేపలు పట్టుకునేలా కావాలన్నారు. అధికారులు మురికి ఎక్కడ పుడుతున్నదో వెతుక్కుంటూ వెళ్ళారు. వాడల్లో వుండేవారికి ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టిన ఇళ్ళు చూపించారు. ఆ సంస్థ 1960 నుంచి పనిచేస్తున్నది. ఈనాటికీ ఆ దేశ నివాసుల్లో నూటికి ముప్పాతిక మందికి పైగా అది కట్టిన ఇళ్ళలోనే వుంటున్నారు. సరుకు పడవలను 1983లో మరో రేవుకు తరలించారు. 1987 నాటికి నది తేటపడింది.

కుళాయి వున్న కొట్టు

అన్నిటికంటె మనకు పనికివచ్చేది తిండి అమ్మేవాళ్ళ సంగతి. నది పరివాహకంలో రోడ్ల మీద దాదాపు 5 వేల మంది చిరువ్యాపారులు వుండేవారు. వారిని తరిమేసి చేతులు దులుపుకోలేదు. పైకప్పు, కుళాయి, కరెంటు, మురుగు పోయే దారి వున్న కొట్లు కట్టి, అందులోకి మార్చారు. వాటినే హాకర్ సెంటర్లు అంటారు. దేశమంతటా రోడ్డు మీది వ్యాపారులను ఇలా లోపలికి తేవడానికి 1980ల నడిమి దాకా పట్టింది. బళ్ళ మీద వండి అమ్మిన ఆ తిండి సంస్కృతినే 2020లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చుకుని గౌరవించింది.

గిన్నెలు కడగడానికి కుళాయి, ఆ నీళ్ళు పోవడానికి కాలువ వున్నప్పుడు ఎవరూ నదిలో పారబోయరు. ముందు జాగా చూపించారు. ఆ తరువాతే జరిమానాకు బలం వచ్చింది.

2008లో నది సముద్రంలో కలిసేచోట మెరీనా బ్యారేజి కట్టారు. ఉప్పునీటిని ఆపి, వాననీటిని నిలబెట్టారు. ఒకప్పుడు కంపు కొట్టిన నీళ్ళు ఈనాడు శుద్ధి అయ్యి తాగునీళ్ళవుతున్నాయి. 1960ల్లో నీళ్ళు రేషనుగా ఇచ్చుకున్న దేశం అది. ఇప్పటికీ పొరుగున వున్న మలేసియా నుంచి నీళ్ళు కొంటున్నది. నీటి విలువ తెలిసినవాళ్ళు కనుకే వాన కాలువను కూడా జలాశయానికి దారిగా చూసుకుంటున్నారు.

అక్కడ అంతా సవ్యమే అనుకోరాదు. పందుల పెంపకందార్లు వృత్తి పోగొట్టుకున్నారు. భూములు తీసుకోవడంలో ప్రభుత్వం గట్టిగానే వ్యవహరించింది. ఆదివారం నాడు సెరంగూన్ రోడ్డుకు వెళ్ళి చూస్తే, ఆ మేడలు కట్టే మన దేశపు, బంగ్లాదేశ్ కూలీలు గుంపులుగా కనిపిస్తారు. 2020లో కరోనా సోకిన వారిలో అత్యధికులు ఇరుకు వసతి గృహాల్లో వున్న వలస కూలీలే. అందరికీ మంచి జాగా చూపించిన దేశం వారికి మాత్రం చూపించలేకపోయింది. అది పోయిన చోటనే జబ్బు పట్టుకుంది. అక్కడికి కొడుకును కూలికి పంపదలచినవారు ఈ వసతి గురించి కూడా ఏజెంటును అడగాలి.

మన సంతలో ఏముంది?

మన పట్నాల్లో జరుగుతున్నది దీనికి తిరగబడ్డ వ్యవహారం. సంతలో ఆశీలు వసూలు చేస్తారు. కుళాయి వుండదు. ఆడవాళ్ళకు మరుగుదొడ్డి వుండదు. కుళ్ళిన ఆకులు వేయడానికి తొట్టి వుండదు. చివరికి ఏ పెద్దమనిషో వస్తున్నాడంటే లారీ తెచ్చి తోపుడుబళ్ళు ఎత్తుకుపోతారు. అదేమంటే, పట్నాన్ని సింగపూర్ చేస్తున్నామంటారు! సింగపూర్ అలా కాలేదు.

చట్టం మన దగ్గర లేకపోలేదు. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే జరపాలి. వ్యాపారులకు ధ్రువపత్రాలు ఇవ్వాలి. అంతవరకు ఎవరినీ తొలగించకూడదు. పట్టణ వ్యాపార కమిటీలో నూటికి 40 మందికి తగ్గకుండా వ్యాపారులే ఎన్నికై కూర్చోవాలి. వారిలో మూడోవంతు ఆడవాళ్ళు వుండాలి. పట్నంలో అమ్ముకునే ప్రతి పల్లెవాసీ మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళి అడగవలసినవి రెండే. సర్వేలో నా పేరు వుందా? కమిటీలో మా మనిషి ఎవరు?

పంచాయతీలకు కూడా ఇదే వర్తిస్తుంది. చెత్త వేయరాదని గోడ మీద రాయించే ముందు తొట్టి పెట్టించాలి. కాలువలోకి నీళ్ళు వదలవద్దనే ముందు ఆ నీళ్ళు ఎక్కడికి పోవాలో చూపించాలి. అప్పటికీ వినని వాడికి జరిమానా వేస్తే ఎవరూ కాదనరు.

ఇకమీదట సింగపూర్‌లో నాలుగు గంటలు దొరికినవారు మేడలతో పాటు ఒక హాకర్ సెంటర్‌కు కూడా వెళ్ళి, అక్కడి కుళాయిని, కింద వున్న కాలువను చూసి రావాలి. ఊళ్ళో చెప్పదగిన కబురు అది.