ఆట వాళ్లది, అతిథులం మనం

కెన్యా తీరంలో మొంబాసాకూ మాలిందీకీ నడుమ కిలిఫీ అనే ఊరుంది. అక్కడ 2001 నుంచి ‘మూవింగ్ ద గోల్‌పోస్ట్స్’ అనే సంస్థ ఆడపిల్లల చేత ఫుట్‌బాల్ ఆడిస్తోంది. ఇలాంటి చోట్లకు సెలవుల్లో స్వచ్ఛందంగా పనిచేయడానికి వెళ్లే విద్యార్థుల గురించే ఈ నెల ప్రత్యేక కథనం.

వెళ్లేవాళ్లకు వేసవి సెలవులు గానీ, భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న కిలిఫీకి జూన్, జులై, ఆగస్టు కాస్త చల్లటి నెలలు. రోహిణి కార్తె ఎండలు తిన్నవాళ్లకు అక్కడి వేడి ఓ లెక్క కాదు. తిండికీ బెంగ లేదు. చపాతీ, పిలావ్ ఆ తీరంలో ఇంటివంటలే. మొక్కజొన్న పిండితో చేసే ఉగాలిని మన సంగటి ముద్దలాగే చేత్తో తింటారు.

కుదురుకోవడంలో అసలు కష్టం వేరు. కోచింగ్ ఇద్దామని ఉబలాటపడి వెళ్తే, అక్కడ కోచ్‌లు, రిఫరీలు, ప్రథమచికిత్స చేసేవాళ్లు కూడా స్థానిక అమ్మాయిలే! నేర్పడానికి వచ్చిన మనిషి గీత బయట నిలబడి బంతులు అందించాల్సి రావచ్చు, కాగితాల పని చూడాల్సి రావచ్చు. కొందరికి ఇది నామోషీ. నన్నడిగితే ఆ సంస్థ బలమే అది. రెండు నెలల అతిథి విమానం ఎక్కేసినా అక్కడ ఏ మ్యాచ్ ఆగదు.

వచ్చే ఏడాది ఎక్కడికైనా ఇలా వెళ్లాలనుకునే పాఠకులకు ఒక మనవి: టికెట్ కొనకముందే ఆ సంస్థకు రాసి, మీతో వాళ్లకు ఏం పని ఉందో అడగండి.