క్వాంటమ్‌కి కోడింగే కాదు, గాజూ కావాలి!

క్వాంటమ్ అనగానే ఏ పైథాన్ కోర్సులో చేరాలా అని వెతుకుతున్నారా? కాస్త ఆగండి. 2023లో కేంద్రం రూ.6,003 కోట్లతో ఆమోదించిన నేషనల్ క్వాంటమ్ మిషన్‌లో కంప్యూటర్లతో పాటు అణు గడియారాలు, సెన్సర్లు కూడా ఉన్నాయి. వీటిలో చాలావాటికి పరమాణువుల్ని లేజర్‌తో చల్లబరిచి, పట్టి నిలపాలి. ఏ రంగు పడితే ఆ రంగు పనికిరాదు. స్ట్రాన్షియంకి 461 నానోమీటర్ల నీలం, 689 నానోమీటర్ల ఎరుపు కావాలంటే అవే కావాలి. రంగు కుదిరితే పవర్ చాలదు, పవర్ ఉంటే రంగు కుదరదు. చిక్కంతా ఇక్కడే.

ఇంటర్నెట్ కేబుళ్లలో ఈ పవర్ సమస్య 1987లోనే దారికొచ్చింది. ఎర్బియం కొద్దిగా కలిపిన ఫైబర్‌లోకి పంప్ లేజర్ వదిలితే ఆ ఎర్బియం శక్తిని దాచుకుంటుంది. అటుగా వెళ్లే సిగ్నల్ దాన్ని అందుకుని బలపడుతుంది. కానీ అది 1550 నానోమీటర్ల కాంతి, కంటికి కనిపించదు.

కనిపించే కాంతికి ప్రేసియోడిమియం ఉంది. నీలం లేజర్ డయోడ్‌తో పంప్ చేస్తే ఆకుపచ్చ, నారింజ, ఎరుపు కాంతుల్ని పెంచగలదు. మామూలు ఫైబర్‌లోనే కలిపేయొచ్చు కదా అంటారా? సిలికా గాజులో కంపనాల శక్తి ఎక్కువ. దాచుకున్న శక్తిలో చాలా భాగం వెలుగయ్యేలోపే వేడిగా జారిపోతుంది. అందుకే 1970ల్లో ఫ్రాన్స్‌లోని రెన్‌లో పుట్టిన జ్బ్లాన్ అనే ఫ్లోరైడ్ గాజు వాడతారు. అందులో ఆ కంపనాల శక్తి దాదాపు సగమే. అయితే ఇది పెళుసు, తేమ పడదు. సిలికా ఫైబర్‌తో అతికించడం పెద్ద తలనొప్పి.

దాంతో చాలామంది చుట్టుదారి పట్టారు. చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్ దగ్గర ఆకాశంలోకి వదిలే 22 వాట్ల పసుపు లేజర్లనే చూడండి. 1178 నానోమీటర్ల పరారుణ కాంతిని ఫైబర్‌లో పెంచి, తర్వాత స్ఫటికంతో 589కి తెస్తారు. అక్కడ పెంచే పని చేసేది రామన్ ప్రభావం. అవును, మన సి.వి.రామన్‌దే! పని జరుగుతుంది గానీ, నేరుగా పెంచగలిగితే ఆ స్ఫటికం, దాన్ని సరిచూసుకునే బాధ రెండూ తప్పుతాయి.

అంటే ఇక్కడ ఆగిపోయింది సాఫ్ట్‌వేర్ దగ్గర కాదు, గాజు దగ్గర. ఈసీఈ, ఫిజిక్స్, సిరామిక్స్ చదివినవాళ్లు ఇటు చూడాలన్నది నా అభిప్రాయం. కోల్‌కతాలోని సీఎస్‌ఐఆర్-సీజీసీఆర్‌ఐ ఇలా మూలకాలు కలిపిన ఫైబర్లపై పరిశోధన చేస్తోంది. కొచ్చిలోని కుశాట్‌లో ఫోటోనిక్స్‌కి ప్రత్యేక విభాగమే ఉంది. బీటెక్ అవగానే ప్యాకేజీ చేతికొచ్చే దారి మాత్రం కాదిది. ఎంటెక్, కొన్నిసార్లు పీహెచ్‌డీ దాకా ఓపిక పట్టాలి. ఈలోగా మీ కాలేజీ ల్యాబ్‌లో స్ప్లైసింగ్ మెషీన్ మూలన పడి ఉంటే, దాని మీద చెయ్యి తిప్పుకోండి.