గోళీలతో కంప్యూటర్: ప్రతి బడికీ ఒక ఆటపెట్టె కావాలి

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు, పాఠశాల కమిటీ సభ్యులకు, ఏటికొప్పాక, కొండపల్లి, నిర్మల్ కళాకారులకు మా విన్నపం.

ఆరో తరగతి నుంచే పిల్లలకు కోడింగ్ పరిచయం చేయాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. మంచి మాట. కానీ ఆ మాట తరగతి గదికి చేరేసరికి దానికి తెర ఒక్కటే రూపమైంది. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచారు. ప్రైవేటు బడుల కరపత్రాల్లో కంప్యూటర్ ల్యాబ్ ఫొటో లేనిదే ప్రకటన ఉండదు. పాప తెర మీద రంగు ముక్కలను వేలితో జరిపి పేరుస్తుంది, బొమ్మ పిల్లి నడుస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. ఆ పిల్లి ఎందుకు నడిచింది, లోపల ఏది కదిలితే ఏది కదిలింది అని పాప అడిగితే చూపించడానికి ఏమీ లేదు. చిప్పులో ఉన్నవి కోట్ల కొద్దీ ట్రాన్సిస్టర్లు. ఏ ఒక్కటీ కంటికి ఆనదు.

కంప్యూటర్ ఎలా లెక్కపెడుతుందో, ఎలా గుర్తుపెట్టుకుంటుందో, రెండు దారుల్లో ఒకదాన్ని ఎలా ఎంచుకుంటుందో చేత్తో తిప్పి చూసే బొమ్మలు 6, 7, 8 తరగతుల్లో ఉండాలని మేం కోరుతున్నాం. ట్యాబ్ కంటే ముందు అవి పిల్లల చేతికి రావాలి. వాటిని మన ఊళ్ల కళాకారులే తయారుచేయాలి.

అలాంటి బొమ్మ ఎలా ఉంటుందో చెబుతాం. వాలుగా నిలిపిన ఒక చెక్క పలక. దాని మీద ఒకదాని కింద ఒకటిగా మూడు చిన్న చెక్క రెక్కలు. ఒక్కొక్క రెక్క మేకు మీద అటూ ఇటూ వాలుతుంది, ఎటు వాలితే అటే ఆగిపోతుంది. మొదట మూడూ ఎడమకు వాలి ఉన్నాయి. అంటే సున్నా. పైనుంచి ఒక గోళీ వదలండి. అది మొదటి రెక్కకు తగిలి దాన్ని కుడికి వాల్చి, పక్క దారిన బయటికి పోతుంది. రెండో గోళీ అదే రెక్కను తిరిగి ఎడమకు వాల్చి, ఈసారి కిందికి జారి రెండో రెక్కను కుడికి వాలుస్తుంది. మూడో గోళీకి మొదటి రెక్క మళ్లీ కుడికి. ఇప్పుడు మొదటి రెండు రెక్కలూ కుడికే ఉన్నాయి. మొదటిదాని విలువ ఒకటి, రెండోదాని విలువ రెండు, కలిపితే మూడు. నాలుగో గోళీకి పై రెండూ ఎడమకు తిరిగి, మూడోది కుడికి వాలుతుంది. దాని విలువ నాలుగు. ఏడో గోళీ పడ్డాక మూడు రెక్కలూ కుడికే ఉంటాయి. ఎనిమిదో గోళీ మూడింటినీ ఎడమకు తిప్పి కింద నుంచి బయటపడుతుంది. బల్ల మళ్లీ సున్నాకు వచ్చింది.

బైనరీ లెక్క అంతా ఇదే. పాఠ్యపుస్తకంలో ఒకట్లూ సున్నాలూ బట్టీపట్టి పరీక్ష రాసే పిల్లలకు, నాలుగో గోళీ దగ్గర రెండు రెక్కలు ఒకేసారి వెనక్కి తిరగడం చూస్తే, 'ఒకటి మిగిలింది, పక్క స్థానానికి వెయ్యి' అని మూడో తరగతిలో నేర్చుకున్న కూడిక గుర్తొస్తుంది. ఆ రెక్కకు ఎలక్ట్రానిక్స్‌లో ఉన్న పేరు ఫ్లిప్‌ఫ్లాప్. చిప్పులో గోళీకి బదులు కరెంటు తుళ్లింత వస్తుంది, చెక్క రెక్కకు బదులు ట్రాన్సిస్టర్ల జత స్థితి మారుతుంది. పని మాత్రం ఒకటే: నిన్న ఏం జరిగిందో గుర్తుంచుకుని, ఈరోజు వచ్చినదాన్ని దాన్నిబట్టి అటో ఇటో పంపడం.

ఒక రెక్క బిగిసిపోయి సరిగా వాలలేదనుకోండి. లెక్క తప్పుతుంది. ఎక్కడ తప్పిందో పిల్లలు గోళీ వెంట కళ్లు నడిపి పట్టుకుంటారు. ప్రోగ్రామర్లు రోజంతా చేసే పని అదే. చూపు లేని పిల్లలు కూడా ఈ బల్ల మీద వేలు పెట్టి ఏ రెక్క ఎటుందో తడిమి లెక్క చదవగలరు, గోళీ ఏ దారిన పోయిందో చెవితో పట్టగలరు. తెర మీది పాఠాలు ఎక్కువభాగం ఆ పిల్లలను వదిలేసి నడుస్తున్నాయి. మేం ఈ కోరికను ఇంత పట్టుదలగా ముందుకు తేవడానికి ఇదొక పెద్ద కారణం.

ఇది మేం కొత్తగా కనిపెట్టింది కాదు. 1963లో అమెరికాలోని న్యూజెర్సీలో ఇ.ఎస్.ఆర్. అనే చిన్న కంపెనీ డిజి-కాంప్ 1 అనే ప్లాస్టిక్ బొమ్మను అయిదు డాలర్ల లోపు ధరకు అమ్మింది. మూడు జారుడు పలకలు, సన్నని కడ్డీలు, చిన్న గొట్టం ముక్కలు. ఏ గొట్టాన్ని ఎక్కడ తొడిగావన్నదే ప్రోగ్రాం. బ్యాటరీ లేదు, వైరు లేదు. కంప్యూటర్ అంటే గది నిండే యంత్రం అయిన ఆ రోజుల్లో అది పిల్లల బల్ల మీద సున్నా నుంచి ఏడు దాకా లెక్కపెట్టింది. తర్వాత జాన్ గాడ్‌ఫ్రీ గోళీలతో నడిచే డిజి-కాంప్ 2ను రూపొందించాడు. అది కూడికలే కాదు, గుణకారాలూ చేసేది. అదే కంపెనీకి థింక్-ఎ-డాట్ అనే గోళీల బొమ్మ ఇచ్చిన జోసెఫ్ వైస్‌బెకర్ తర్వాత ఆర్‌సీఏ 1802 మైక్రోప్రాసెసర్ రూపకర్త అయ్యాడు. గురుగ్రహం దాకా వెళ్లిన గెలీలియో వ్యోమనౌకలో ఆ చిప్పు పనిచేసింది. బొమ్మలు చేసిన బుర్రా, చిప్పులు చేసిన బుర్రా ఒక్కటే అన్నమాట. 2017లో పాల్ బాస్వెల్ ఆ పాత బొమ్మల స్ఫూర్తితో ట్యూరింగ్ టంబుల్ అనే గోళీల బొమ్మను తెచ్చాడు. అది బాగుంటుంది, పజిళ్లతో కూడిన కథల పుస్తకం కూడా ఉంటుంది. అయితే దిగుమతి సరుకు కాబట్టి ఇక్కడ వేల రూపాయలు పలుకుతుంది. మండల కేంద్రంలోని జిల్లా పరిషత్ హైస్కూలు దాన్ని కొనలేదు, కొనాల్సిన పనీ లేదు. కావలసింది అందులోని ఆలోచన. ఆలోచనకు కస్టమ్స్ సుంకం లేదు.

అసలు డబ్బే అక్కర్లేని బొమ్మలూ ఉన్నాయి. ఇప్పుడు ఎక్కడ చూసినా కృత్రిమ మేధ గురించే మాట. దాన్ని పిల్లలకు అగ్గిపెట్టెలతో చూపించవచ్చు. 1961లో డోనాల్డ్ మికీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, చేతిలో సరైన కంప్యూటర్ లేక, 304 అగ్గిపెట్టెలతో ఇంటూ-సున్నా ఆట నేర్చుకునే యంత్రం చేశాడు. ఆటలో వచ్చే ఒక్కొక్క పరిస్థితికి ఒక్కొక్క పెట్టె. పెట్టెలో రంగు పూసలు, ఒక్కో రంగుకు ఒక్కో గడి. పెట్టెను కదిపి ముందుకొచ్చిన పూస రంగును బట్టి ఎత్తు వేస్తారు. గెలిస్తే ఆ రంగు పూసలు మరో మూడు చేరుస్తారు, ఓడితే ఆ పూస తీసేస్తారు. ఆడగా ఆడగా ఆ పెట్టెలు మంచి ఎత్తులు వేయడం మొదలుపెడతాయి. 1962లో మార్టిన్ గార్డనర్ దీన్ని ఇంకా తేలిక చేశాడు. తొమ్మిది గడులు, చెరి మూడు బంట్లు, చదరంగంలో బంటు నడిచినట్టే నడక. దానికి 24 పెట్టెలు చాలు. ఒక తరగతి పిల్లలు ఇళ్ల నుంచి ఖాళీ అగ్గిపెట్టెలు తెస్తే ఒక మధ్యాహ్నంలో తయారవుతుంది. ఓటమి తెచ్చిన ఎత్తును తీసేయడమే నేర్చుకోవడం అని, యంత్రంలో మాయా మంత్రమూ ఏమీ లేవని పన్నెండేళ్ల పిల్లకు తెలిసిపోతుంది. ఆ తెలివిడి ఉన్న పిల్ల పెద్దయ్యాక ఫోను చెప్పిందల్లా నమ్మదు.

ఎలక్ట్రానిక్స్ సంగతికి వస్తే, అట్టముక్క, రెండు డ్రాయింగ్ పిన్నులు, ఒక జెమ్ క్లిప్పు కలిస్తే స్విచ్. సెల్లు, టార్చి బల్బు, కాస్త వైరు ఉంటే చాలు. రెండు స్విచ్‌లు ఒకే దారిలో వరసగా పెడితే రెండూ వేస్తేనే బల్బు వెలుగుతుంది. వేరు వేరు దారుల్లో పెడితే ఏదో ఒకటి వేసినా వెలుగుతుంది. మేడమెట్ల కింద ఒకటి, పైన ఒకటి ఉండే స్విచ్‌లను అట్ట మీద కట్టిస్తే, ఏది నొక్కినా బల్బు స్థితి మారే మూడో తర్కం వస్తుంది. స్విచ్‌ల అమరికతో తర్కం నడపవచ్చని క్లాడ్ షానన్ 1937లో తన ఎం.ఎస్. సిద్ధాంత వ్యాసంలో చూపించాడు. నేటి డిజిటల్ యంత్రాల పునాది అదే.

మన ఆటల్లో కూడా ఈ బీజం ఉంది. వామనగుంటలు ఆడే అమ్మమ్మలను గమనించండి. ఒక గుంటలోని చింతపిక్కలన్నీ తీసి గుంటకొకటి చొప్పున పంచుతారు. చేతిలోవి అయిపోతే తర్వాతి గుంట తీసి మళ్లీ పంచుతారు. ఆ గుంట ఖాళీగా ఉంటే దాని అవతలి గుంటలోవి గెలుచుకుంటారు. మళ్లీ మళ్లీ చేయి, ఫలానా షరతు తగిలితే ఆగు: ప్రోగ్రాం రాసేవాళ్లు చేసేది ఇదే. ఈ ఆట నియమాలను కాగితం మీద వరస తప్పకుండా రాయమని పిల్లలకు చెప్పి చూడండి. మొదటి రాతలో ఎన్ని సందులు మిగిలిపోతాయో వాళ్లే పట్టుకుంటారు.

ఈ బొమ్మలు చేయడానికి మన దగ్గర ఉన్నంత నేర్పు ఎక్కడుంది? అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో, వరాహ నది ఒడ్డున, అంకుడు కర్రను లేతు మీద తిప్పి లక్క రంగు పట్టించే కళాకారులు తరతరాలుగా బొంగరాలు, లక్కపిడతలు చేస్తున్నారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్రకృతి రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఒకే కొలతతో వంద బంతులు, వంద రెక్కల ఇరుసులు తీయడం వారికి నిత్యకృత్యం. కొండపల్లిలో, నిర్మల్‌లో పొనికి కర్ర వాడతారు. అది తేలిక, మెత్తన. గోళీ దెబ్బ తినే రెక్కలకు అంకుడే మేలు, పెట్టెకూ పై బొమ్మలకూ పొనికి బాగుంటుంది. ఇవి మా ఊహలు. చేసే చేతులే చివరి మాట చెప్పాలి. పండక్కి షోకేసులో పెట్టుకునే వస్తువుగా మిగిలిన కళకు ఏటేటా బడుల నుంచి ఆర్డరు వస్తే ఆ ఇళ్లలోని పిల్లలు కూడా ఆ పనిలో నిలుస్తారు. అంకుడు చెట్లు కూడా నాటాలి. అడవి మీదే భారం వేస్తే కర్ర దొరకదు.

'పిల్లలకు ఉద్యోగాలు రావాలి, చెక్కబొమ్మలతో కాలక్షేపం దేనికి' అనే తల్లిదండ్రులున్నారు. వారి ఆందోళన న్యాయమైనదే. అప్పు చేసి చదివిస్తున్నారు. మేం కంప్యూటర్ వద్దనడం లేదు. తొమ్మిదో తరగతికి ప్రతి పిల్లకూ సొంతంగా కూర్చునే కంప్యూటర్ ఉండాలనే అడుగుతున్నాం. కానీ ఈరోజు నేర్పే సాఫ్ట్‌వేర్ బొత్తాలు పిల్ల ఇంజనీరింగ్ పూర్తయ్యేలోపు మారిపోతాయి. స్థితి, షరతు, పునరావృత్తి మారవు. వాటిని ముందు చేతికి అలవాటు చేస్తే తర్వాత ఏ భాష అయినా అందుతుంది. ఇంకోటి: ఒక కంప్యూటర్ చుట్టూ ఆరుగురు చేరినప్పుడు మౌస్ ఒకరి చేతిలోనే ఉంటుంది. ఆ ఒకరు ఎక్కువసార్లు అబ్బాయే. గోళీల బల్ల చుట్టూ నలుగురు చేతులు పెట్టవచ్చు.

ఈ పని దారి లేక కాదు, నిర్ణయం లేక ఆగింది. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లకు బడికి 20 లక్షల రూపాయల వరకు కేంద్రం ఇస్తోంది. మరో 50,000 ల్యాబ్‌లు ప్రభుత్వ బడుల్లో పెడతామని 2025 బడ్జెట్లో చెప్పారు. 3డి ప్రింటర్ పాడవుతుందేమోనని గదికి తాళం వేసి ఉంచిన బడిని మేం చూశాం. ఆ నిధుల్లో కొంత భాగం ఈ చెక్కబొమ్మలకు కేటాయించాలి. కొనుగోలును ఆంధ్రలో లేపాక్షి, తెలంగాణలో గోల్కొండ హస్తకళల విక్రయశాలల ద్వారా నేరుగా కళాకారుల నుంచి చేయాలి. బొమ్మలకు బి.ఐ.ఎస్. (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి అయినా, హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులకు అందులో మినహాయింపు ఉంది. ఇంకా నమోదు కాని వారిని అధికారులే వెళ్లి నమోదు చేయాలి. 6 నుంచి 8 తరగతులకు పది రోజులు సంచీ లేని బడి, స్థానిక వృత్తిదారుల దగ్గర పని నేర్చుకోవడం అని జాతీయ విద్యా విధానమే చెబుతోంది. ఆ పది రోజుల్లో పిల్లలు వడ్రంగి దగ్గర కూర్చుని తమ బడికి తామే బల్ల చేసుకోవచ్చు. రెండు రాష్ట్రాల ఎస్.సి.ఇ.ఆర్.టి.లు కొలతల పటాలతో, తెలుగులో, ఎవరైనా కాపీ చేసుకోగలిగే చిన్న చేతిపుస్తకం వేయాలి. ప్రత్యేకంగా కంప్యూటర్ టీచరు అక్కర్లేదు, లెక్కల మాస్టారు చాలు.

అమెరికాలో, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ పనిచేస్తూ చదివిన బడికి ఏటా ఏదో ఒకటి పంపే పూర్వ విద్యార్థులకూ ఒక మాట. ఈసారి వాడిన ల్యాప్‌టాప్‌లతో పాటు ఒక తరగతికి సరిపడా గోళీల బల్లలకు డబ్బు పంపండి. సెలవుల్లో వచ్చినప్పుడు ఒక పూట పిల్లలతో కూర్చుని ఆడించండి. మీరు రోజూ రాసే కోడ్ ఆ రెక్కల మీద ఎలా నడుస్తుందో చెప్పగలిగేది మీరే.

ఈ కాగితం చదివిన ప్రతి తల్లిదండ్రీ తమ బడి కమిటీ తదుపరి సమావేశంలో ఒక్క తీర్మానం పెట్టండి: 'మా బడిలో 6, 7, 8 తరగతులకు ఒక్కొక్క గోళీల లెక్కబల్ల, ఒక్కొక్క స్విచ్‌ల అట్ట ఈ విద్యా సంవత్సరంలోనే ఉండాలి. వాటికి వారానికి ఒక పీరియడ్ ఇవ్వాలి.' తీర్మానం నకలు మండల విద్యాశాఖాధికారికి ఇచ్చి, చేరినట్టు సంతకం తీసుకోండి.