వానగంజి కుండ దగ్గర మన నుడి

తమిళులు కరిసల్ అని పిలిచే నల్లరేగడి నేల కోవిల్‌పట్టి నుండి సాత్తూరు మీదుగా విరుదునగరం వరకు పరచుకొని ఉన్నది. పురట్టాసి నెల వచ్చిందంటే ఇక్కడి రైతు చూపంతా ఆకాశం మీదనే. (మన తెలుగిండ్లలోనూ ఆశ్వయుజం కంటె పురట్టాసి అనడమే వాడుక. అందుకు నొచ్చుకోవలసిన పని లేదు.) ప్రత్తి, మినుము, జొన్న విత్తులను వానకు ముందే పొడినేలలో వేసి ఈశాన్య ఋతుపవనం కొరకు ఎదురుచూడడం ఇక్కడి మెట్టసేద్యపు పద్ధతి. వాన తప్పిందా, విత్తనం పోతుంది, అప్పు మిగులుతుంది.

అందుకే వానగంజి. నా బాల్యంలో మా వీథి స్త్రీలు కుండ పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి సజ్జలు, జొన్నలు, నూకలు అడిగి తెచ్చేవారు. కలిగినవారైనా ఆ రోజు యాచించవలసిందే. ఊరి పొలిమేరలో గంజి కాచి, ఉప్పు వేయకుండానే అందరూ త్రాగేవారు. తరువాత, వాన లేని ఊరిలో బ్రతుకలేము, పోతున్నామని మూటలు నెత్తిన పెట్టుకొని బయలుదేరడం, పెద్దలు అడ్డుపడి వెనుకకు పిలుచుకొని రావడం. అది నటనే అయినా మా అవ్వ కంటనీరు నటన కాదు. ఆంధ్ర, తెలంగాణ పల్లెలలో రోకలికి కప్పను కట్టి ఇంటింటా నీళ్లు పోయించే కప్పతల్లి ఆట, విరాటపర్వం చదివించే ఆచారం ఈ వేదనకు తోబుట్టువులే. ఇక్కడి తమిళ సోదరులకూ వానగంజి ఉన్నది. ఇది ఎవరితోనూ పోటీకి పెట్టవలసిన పండుగ కాదు.

ఈ ఆచారాలన్నింటినీ నేను వెనుకవేసుకొని రాను. అనావృష్టికి కారణం ఒక మహాపాపి అని చెప్పి, స్త్రీ రూపంలో కొడుంబావి బొమ్మను చేసి వీథులలో ఈడ్చి కాల్చడం నాకు ఏనాడూ రుచింపలేదు. విచారణ లేకుండా శిక్ష వేయడాన్ని న్యాయవాది ఎట్లా మెచ్చుకుంటాడు? గంజి కుండ మాట వేరు. అది ఊరిని ఒకచోట కూర్చోబెడుతుంది.

నిరుడు సాత్తూరు సమీపంలోని ఒక పల్లెలో ఆ కుండ దగ్గర కూర్చున్నాను. ముసలివారు నలుగురు తెలుగులో పాడారు. మనుమరాండ్రు సెల్‌ఫోన్లలో చిత్రీకరించారే గాని గొంతు కలుపలేదు. "మేము పాడేది బిడ్డలకు బోధపడదు నాయనా, ఆట మాదిరి చూస్తారు" అన్నది ఒక అవ్వ.

బోధపడకపోవడం బిడ్డల తప్పు కాదు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగపు 350-ఏ అధికరణం 1956 నుండి చెప్పుతూనే ఉన్నది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తమిళాన్ని ఒకటవ తరగతి నుండి మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున పదవ తరగతి వరకు తప్పనిసరి చేసింది. తమిళం నేర్చుకోవడానికి మనకు అభ్యంతరం లేదు. అన్నం పెట్టే నేల భాష అది. మన నుడికి బడిలో చోటు కుదించుకొనిపోవడమే మన ఫిర్యాదు.

29(1) అధికరణాన్ని మాత్రం పాఠకులు శ్రద్ధగా చదవాలి. ప్రత్యేకమైన భాష, లిపి "లేదా" సంస్కృతి గల పౌరులకు దానిని పరిరక్షించుకొనే హక్కు ఉన్నదని అందులోని భావం. ఆ "లేదా" అన్న పదం మనకు పెద్ద అండ. లిపి మరచిన కుటుంబానికి కూడ తన పాట మీద, పండుగ మీద హక్కు పోలేదు. అయితే బడి దరఖాస్తులో మాతృభాష దగ్గర తమిళం అని మనమే వ్రాసి వస్తే ఏ న్యాయస్థానం మాత్రం ఏమి చేయగలదు? 2011 జనగణనలో తమిళనాట సుమారు 42 లక్షల మంది తెలుగు తమ మాతృభాష అని చెప్పారు. 2027 మార్చి 1ని ప్రామాణిక దినంగా ప్రకటించిన జనగణనలో మీ ఇంటి జవాబు ఏమిటో ఇప్పుడే ఇంటిల్లపాదీ అనుకోండి.

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ 2021లో కన్నుమూశారు. తమిళంలో వ్రాసి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆయన, ఈ కరిసల్ నేల మాటలను ఏరి నిఘంటువు కూర్చారు. మన ఇండ్లలోని వానపాటలకూ అంతటి శ్రద్ధ కావాలి.

ఈ పురట్టాసిలో మీ ఊరిలో గంజి కాచితే ఒక నోటుపుస్తకం తీసుకొని వెళ్లండి. అవ్వల చేత పాడించి వ్రాసుకోండి. తెలుగు లిపి రాకపోతే తమిళ లిపిలోనే వ్రాసి పంపండి. మేము తెలుగులోకి ఎత్తి, మీ ఊరి పేరుతో ఈ పుటలలోనే అచ్చువేస్తాము.